పొడుగుబండి వెనక సీటు

కార్ల విషయంలో మా కౌంటీ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. ఇది ఇంకొకరు చెప్పాల్సిన మాటే. చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోవడం వల్ల నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. నా కళ్లకు గంత కట్టి రోడ్డు పక్కన కూర్చోబెట్టండి. వచ్చే బండి ఏ ఏటిదో, ఎవరిదో, నడిపేవాడు పొద్దున పెళ్లాంతో పోట్లాడి బయలుదేరాడో లేదో, అంతా ఇంజను చప్పుడు విని చెప్పేస్తాను. అలాంటివాణ్ణి కనుక, లైల్ బ్రూబేకర్ బతికుండగానే చచ్చిపోయిన వైనం చెప్పడానికి నాకంటే తగినవాడు ఇండియానా రాష్ట్రంలో దొరకడు.

లైల్ నలభై ఏళ్లు మా ఊళ్లో జుట్టు కత్తిరించి, చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర పక్కన పెట్టేశాడు. ఆయనకొక ఎర్ర కారుంది. పైకప్పు మడిచేస్తే ఆకాశం కనిపించే రకం. ముందు ఇద్దరు పడతారు, వెనక ఒక పిల్లి పడుతుంది. దానిమీద వానచుక్క పడి ముప్పై ఏళ్లయింది. పడమట మబ్బు కనిపిస్తే లైల్ కంటే ముందు కారే షెడ్డులోకి నడిచి వెళ్లిపోతుందని చెప్పుకుంటారు, నేను కళ్లారా చూశాను కూడా. అద్దానికి "ముట్టుకోవద్దు" అని ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. ఆయన భార్య డార్లా అందులో కూర్చోవాలంటే ముందు సీటు మీద తువ్వాలు పరవాలి, తర్వాత ఊపిరి బిగబట్టాలి. జులైలో జరిగే మా ఊరి తిరునాళ్ల ఊరేగింపులో ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ ఎర్ర కారే ముందు నడిచేది. లైల్‌కి ఏడాదంటే ఆ ఒక్క మధ్యాహ్నమే. మిగతాదంతా దానికోసం ఎదురుచూపు.

ఇక నార్మా హోస్టెట్లర్. మా పక్క పొలం ఆవిడదే. భర్త ఎర్ల్ పోయి ఆరేళ్లయింది. ఆవిడ కొట్టంలో ఒక పాత స్టేషన్ వ్యాగన్ ఉంది. పొడుగంటే అలాంటి ఇలాంటి పొడుగు కాదు. ముందు చక్రాలు చర్చి దగ్గర మలుపు తిరిగి అరనిమిషమైనా వెనక చక్రాలు ఇంకా వంతెన మీదే ఉంటాయి. ఒక్క బండిలో తొమ్మిదిమంది కూర్చోవచ్చు. వెనక తలుపు కిందికీ తెరుచుకుంటుంది, పక్కకీ తెరుచుకుంటుంది. మూడో వరుస సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్లకి ఎక్కడికి వెళ్తున్నామో తెలియదు కానీ ఎక్కడినుంచి వచ్చామో క్షుణ్ణంగా తెలుస్తుంది. నార్మా ఆరుగురు పిల్లల్ని అందులోనే పెంచింది. ఒకసారి సరస్సుకి వెళ్లివచ్చాక పిల్లల్ని లెక్కపెడితే ఏడుగురు తేలారట. ఏడోవాడు ఎవరి పిల్లాడో తెలిసేసరికి వాడికి రెండు సైజులు పెరిగిన బూట్లు కొనాల్సి వచ్చింది.

అలాంటి బండ్లని ఒకప్పుడు పెంటకుప్పలకు తోలేశాం. ఇప్పుడు నిన్నమొన్న లైసెన్స్ తెచ్చుకున్న పిల్లలు వాటికోసం పడి చస్తున్నారు. ఎందుకని అడిగితే, కొత్త బండ్లలో స్క్రీన్లూ గంటల మోతలూ తప్ప మనుషులు పట్టరనీ, ఇందులో పడక వేసుకుని వెనక తలుపు తెరిచి చుక్కలు లెక్కపెట్టవచ్చనీ, స్నేహితులందరూ ఒక్క బండిలో వెళ్తే దారిలో పోట్లాట కూడా బాగుంటుందనీ చెప్తారు. మా ఊళ్లో అలాంటి పిచ్చివాళ్లు నలుగురున్నారు. ముగ్గురు తాతల దగ్గరా మేనమామల దగ్గరా తలొక వ్యాగన్ సంపాదించుకున్నారు. నాలుగో పిల్లకి బండి లేదు. తాతని అడిగే ధైర్యమూ లేదు. ఆ పిల్ల టెస్సా, పదిహేడేళ్లది, లైల్‌కి ఉన్న ఒక్కగానొక్క మనవరాలు.

చలికాలం పోయిన దగ్గరనుంచి ఈ నలుగురూ నార్మా కొట్టంలోనే ఉన్నారు. బండికి రెండు వైపులా అంటించిన చెక్కరంగు కాగితం చిరుగులు పట్టి ఉంటే అంతా ఒలిచేశారు. కొత్త కాగితం ఇంకా రాలేదు. అంతవరకు తుప్పు పట్టకుండా బండి అంతటికీ మెరుపులేని నల్లరంగు కొట్టారు. వెనక కిటికీలకి పిల్లలు నిద్రపోవడానికని నార్మా ఎప్పుడో కుట్టిన బూడిదరంగు తెరలున్నాయి. వాటిని ఉతికి మళ్లీ కట్టారు. చూసినవాళ్లకి ఏమనిపిస్తుందో పిల్లలకి తట్టలేదు. వాళ్లకి అది పాత అందం.

లైల్‌కి మాత్రం అది కంట్లో కారం. పక్కింటివాడి గోధుమ బాగా పండినా ఆయనకి రాత్రి తిన్నది అరగదు. అలాంటిది, సొంత మనవరాలు పొద్దస్తమానం పరాయివాళ్ల కొట్టంలో గ్రీజు పూసుకుని నవ్వుతోందని తెలిశాక మనిషి తిండి తగ్గించాడు. రోజుకి రెండుసార్లు మా కంచె దగ్గరికి వచ్చి, ఆ కొట్టం వైపు చూడనట్టు నటిస్తూ చూసేవాడు. "దానికి గాలన్‌కి ఎన్ని మైళ్లొస్తాయి?" అని అడిగేవాడు. ఎనిమిదని చెప్తే ఆ పూట కాస్త అన్నం తినేవాడు.

దీనికి తోడు తిరునాళ్ల కమిటీవాళ్లు ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టారు. ఊరేగింపులో ముందు నడిచే బండిని పద్దెనిమిదేళ్లలోపు డ్రైవర్లే ఎన్నుకుంటారు. పోటీ బండ్లు శనివారం పదకొండున్నరకల్లా మైదానంలోకి వచ్చేయాలి. ఒక్క నిమిషం దాటినా గేటు మూసేస్తారు. పోటీలో ఉన్నవి రెండే, ఎర్ర కారు, నల్ల వ్యాగన్. ఓట్లు ఎటు పడతాయో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు.

ఆ శనివారం పొద్దున లైల్ వేసుకున్న పథకం చాలా మామూలుది. కారు తుడవడం, ఏడింటికి గ్లెండా ఫలహారశాల ముందు ఎప్పుడూ పెట్టేచోట పెట్టి రెండు గుడ్లు తినడం, వచ్చేపోయేవాళ్లని చూడనివ్వడం, తర్వాత మైదానానికి పోవడం. ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం అదే. డార్లా కూడా ఇంట్లో లేదు, ఫోర్ట్ వేన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. కారు తుడుస్తుండగా ఆయన బుర్రలో ఒక పురుగు తొలిచింది. నార్మా ఇంటినుంచి మైదానం పదకొండు మైళ్లు. పిల్లలు పదింబావుకి బయలుదేరితే హాయిగా చేరతారు. పదకొండుకి పావు తక్కువకి బయలుదేరి, గంటకి పదిహేను మైళ్ల మీద నడిపితే? నలభై నాలుగు నిమిషాలు. దారిలో రెండు సిగ్నళ్లు, ఒక రైలు గేటు. లైల్ వేళ్లమీద లెక్క వేసి, గుడ్లు మానేసి, తిన్నగా నార్మా ఇంటికి పోయాడు.

అక్కడ పిల్లలు బండి కడుగుతున్నారు. లైల్ టోపీ వెనక్కి నెట్టుకుని, ఇంజను మూత కింద తల పెట్టి, పది నిమిషాలపాటు పెద్ద డాక్టరులాగా మూలిగాడు. రేడియేటరు పాతదన్నాడు. గొట్టాలు ఎండిపోయాయన్నాడు. పదిహేను దాటితే నీళ్లు మరిగి మధ్యదారిలో ఆగిపోతుందన్నాడు. నార్మా చేతులు కట్టుకుని వింటూ ఉంది.

"ఈ బండి మీద నీకు ఎప్పట్నుంచి ఇంత ప్రేమ, లైల్?" అంది.

"బండి మీద ప్రేమేంటి నార్మా, నడిపేది నా మనవరాలు. భయముండదూ?"

టెస్సా ముఖం విప్పారింది. ఐదు నెలల్లో తాత ఈ బండి గురించి మంచిగా మాట్లాడటం అదే మొదటిసారి. "అయితే మెల్లగా వెళ్తాంలే తాతా. నలుగురం వరసగా వెళ్తాం."

"అదీ మాట. వరస విడిపోకండి. అంత మెల్లగా పోతుంటే వెనకాలవాడు గుద్దుతాడు, అందరూ దీపాలు వేసుకోండి," అన్నాడు లైల్. పగటిపూట దీపాలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చని ఆయనకి రెండో ఆశ. ఆ తర్వాత చక్రాల్లో గాలి చూడాలని, అది చూసి మళ్లీ చూడాలని, మొత్తానికి పదకొండుకి పావు తక్కువ దాకా వాళ్లని కదలనివ్వలేదు. వాళ్లు రోడ్డెక్కాక, దారిలో ఎదురుపడటం ఇష్టంలేక తను వెనక కంకరబాట పట్టాడు. రాళ్లెగిరి రంగు గీసుకుంటుందని ఎర్ర కారుని పది మైళ్ల వేగం దాటనివ్వలేదు. పైగా ముందు పేడ తోలే బండొకటి తగిలింది. దాన్ని దాటలేడు, దాని దగ్గరికీ పోలేడు.

మా దేశంలో ఒక అలవాటుంది. నల్లటి పొడుగుబండి ముందు, దాని వెనక దీపాలు వెలిగించుకుని మెల్లగా నడిచే కార్లు కనిపిస్తే అది శవయాత్ర. ఎదురొచ్చేవాడు ఎంత తొందరలో ఉన్నా బండి పక్కకి తీసి ఆపుతాడు. టోపీ తీస్తాడు. ఎవరు పోయారని ఆపి అడగడు, అది మర్యాద కాదు. ఇంటికెళ్లాక కనుక్కుంటాడు.

నేనప్పుడు రోడ్డు పక్క గడ్డి కోస్తున్నాను. దూరంగా నల్లబండి, తెరలు, వెనక మూడు పొడుగు కార్లు, ఎనిమిది దీపాలు. ట్రాక్టరు ఆపి, దిగి, టోపీ గుండెకి ఆనించుకుని తల వంచుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్లుగా నా కంచె అవతల ఉన్న బండి. దాని ఇంజను దగ్గినప్పుడల్లా నా కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి. అది నా ముందునుంచి, నా చెవి పక్కనుంచి పోయింది, నేను గుర్తుపట్టలేదు. పాపం ఎవరో, మంచి బండిలో తీసుకెళ్తున్నారు, ఇంజను మెత్తగా ఉంది అనుకున్నాను. మొదట్లో చెప్పిన కళ్లగంత మాట మీరు మరిచిపోతే నేనేమీ అనుకోను.

అందులో పిల్లలు పడ్డ పొరపాటు ఇంకా అందమైనది. ఊరంతా బండ్లాపుకుని టోపీలు తీస్తుంటే అది వ్యాగన్లకి ఇస్తున్న గౌరవమనుకున్నారు. రెండో బండి నడుపుతున్న కోల్బీ అనేవాడికి కళ్లు చెమర్చాయట. పాత బండ్ల విలువ ఈ ఊరికి ఇన్నాళ్లకి తెలిసిందని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. శవయాత్రలో చెయ్యి ఊపేవాణ్ణి చూసి జనం, పాపం దుఃఖంలో మతి చలించింది అనుకున్నారు. సిగ్నల్ దగ్గర పోలీసు డెప్యూటీ తన బండి అడ్డంపెట్టి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు అందరినీ ఆపేసి, నీలం దీపం వేసి తనే ముందు నడిచాడు. రెండో సిగ్నల్ దగ్గరా ఆగలేదు, రైలు గేటు దగ్గరా ఆగలేదు. లైల్ కూడబెట్టిన ఆలస్యమంతా ప్రభుత్వమే తీసేసింది. పదకొండు ఇరవై తొమ్మిదికి వాళ్లు మైదానంలో ఉన్నారు.

అసలు చిక్కు గ్లెండా ఫలహారశాల ముందు పుట్టింది. పొద్దుటినుంచి ఆవిడ, లైల్ కారు పెట్టేచోటు ఖాళీగా ఉండటం చూస్తోంది. ఇరవై ఏళ్లలో అలా ఎన్నడూ లేదు. అంతలో శవయాత్ర వచ్చింది. నల్లబండి నడుపుతున్నది లైల్ మనవరాలు. ఆ పిల్లకి బండి కొత్త, స్టీరింగు చక్రం పెద్దది, పెదవి కొరుక్కుని తిన్నగా రోడ్డునే చూస్తోంది. గ్లెండా చేతిలో కాఫీ కూజా అలాగే ఉండిపోయింది. ఖాళీ చోటుకి ఏడుపు మొహం కూడితే ఎంతో ఆవిడకి తెలుసు.

పావుగంటలో ఆ కూడిక మొత్తం కౌంటీకి చేరింది. నా దగ్గరికి పాలబండివాడు తెచ్చాడు. లైల్ పోయాడు, నిద్రలోనే అన్నాడు. నేను ట్రాక్టరు చక్రానికి ఆనుకుని చాలాసేపు ఏడ్చాను.

మైదానంలో టెస్సా బండి దిగీదిగకముందే గ్లెండా అడ్డదారిన వచ్చి కౌగిలించుకుంది. "ధైర్యంగా ఉండమ్మా," అంది.

"మొదట్లో భయమేసింది ఆంటీ. పదిహేను దాటలేదు, అందుకని పర్లేదు," అంది టెస్సా.

"చివరిదాకా దగ్గరే ఉన్నావా?"

"పదకొండుకి పావు తక్కువ దాకా తాత నా పక్కనే ఉన్నాడు. ఆయనే వెళ్లమన్నాడు."

గ్లెండా ఏడుపు ఆపుకోలేకపోయింది. అప్పటికి టెస్సాకి ఏదో తేడాగా ఉందని తెలిసింది. అడిగింది. చెప్పారు. తాత ఇందాక బాగానే ఉన్నాడంది. అందరూ ఇందాకటిదాకా బాగానే ఉంటారమ్మా అన్నారు పాస్టరు గారు. తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. అది ఇంట్లో వంటగది బల్ల మీద మోగుతోంది. జేబులో ఉంటే సీటు తోలు గీసుకుంటుందని లైల్ దాన్ని ఎప్పుడూ ఇంట్లోనే పెట్టి వస్తాడు. పోటీ గేటు మూసేశారు, ఎర్ర కారు రాలేదు. ఇరవై ఒక్క ఏళ్లలో రాకుండా ఉన్నది లేదు. ఇక ఆ పిల్ల కూడా నమ్మింది. ఊరంతా ఒకే మాట చెప్తుంటే కాదనడానికి పదిహేడేళ్లు చాలవు. మిగతా జనం మాత్రం లైల్ ఆ తెరల వెనకే పడుకుని ఉన్నాడనుకున్నారు. శ్మశానానికి తీసుకుపోయే ముందు మైదానం ఒకసారి చూపించమని అడిగి ఉంటాడు, లైల్ అంటే అంతే కదా అనుకున్నారు.

లైల్ ఇంటికి చేరేసరికి పన్నెండుంబావు. గేటు మూసే వేళ దాటిపోయిందని ఆయనకి తెలుసు. అయినా పిల్లలూ చేరి ఉండరు కదా, ఇద్దరూ రాకపోతే పాత ఆనవాయితీయే నిలుస్తుందని ధీమా. కారు నిండా దుమ్ము. తుడిచి వెళ్దామని ఇంటికి వస్తే వరండా నిండా గిన్నెలు. తేనె పూసి కాల్చిన పంది తొడ, చీజు వేసి వండిన బంగాళాదుంపలు, క్యారట్ తురుము తేలే ఆకుపచ్చ జెల్లీ. గిన్నెలు తిరిగివ్వడానికి వీలుగా ప్రతిదాని అడుగునా పేరు రాసిన కాగితం ముక్క అంటించి ఉంది. మా వైపు అలా పేరు అంటించి గిన్నె తెచ్చారంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. డార్లాకి ఏమైందో అనుకుంటూ లైల్ ఒక గిన్నె మీదున్న చీటీ చదివాడు.

"డార్లా, లైల్ సంగతి విన్నాం. మంచివాడు. ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు, ఎవరికీ ఏమీ ఇచ్చేవాడూ కాదు. గిన్నెకి తొందరేం లేదు."

లైల్ మెట్ల మీద కూర్చున్నాడు. చచ్చిపోయానన్న సంగతి మింగుడుపడటానికి నిమిషం పట్టింది. తర్వాత గిన్నెలు లెక్కపెట్టాడు. ఏడు. నార్మా భర్త ఎర్ల్ పోయినప్పుడు పదకొండు వచ్చాయి, లైల్ అప్పుడు కూడా లెక్కపెట్టాడు. చనిపోయినా ఎర్ల్‌ని దాటలేకపోయానే అని ఆయనకి కడుపులో మంట మొదలైంది. అందులోనూ ఇవి తనకోసం వండినవి కావు. తిరునాళ్ల వంటల పోటీకి తీసుకెళ్లినవి, వార్త విని ఇటు మళ్లించినవి. దుంపల గిన్నెకి మూడో బహుమతి రిబ్బను ఇంకా వేలాడుతోంది. మొదటి బహుమతి వచ్చింది ఎవరింటికి పోయిందో అనుకున్నాడు.

ఈ పొరపాటు వెంటనే చెరిపేయాలని మైదానానికి వెళ్లాడు. వెళ్లాడే కానీ దుమ్ము కారు నలుగురి కంటా పడకూడదని గొర్రెల షెడ్డు వెనక పెట్టి, దొడ్డిదారిన నడిచాడు. మైకులో కోల్బీ మాట్లాడుతున్నాడు. పద్దెనిమిదేళ్లలోపు డ్రైవర్లు ముప్పై ఐదుగురూ కలిసి ఏకగ్రీవంగా తీర్మానించారట. ఈసారి ఊరేగింపులో ముందు నడిచేది కీర్తిశేషులు లైల్ బ్రూబేకర్ గారి ఎర్ర కారు. గేటు వేళ దాటినా కమిటీ ఒప్పుకుంది. నాలుగింటికి బయలుదేరుతుంది.

లైల్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ముప్పై ఐదు ఓట్లు. బతికుండగా, పెద్దవాళ్లు ఓట్లేసిన రోజుల్లో, ఎప్పుడూ పంతొమ్మిది దాటలేదు. ఇప్పుడు ఒక్క అడుగు ముందుకేస్తే ప్రాణమొస్తుంది, ఓట్లు పోతాయి. నాలుగు దాకా ఎలాగోలా చచ్చి ఉంటే సరిపోతుంది, తర్వాత తీరిగ్గా బతకవచ్చు. ఎవరో ఇటు వస్తున్న అడుగుల చప్పుడైంది. దగ్గర్లో నక్కడానికి ఒక్కటే చోటుంది. ఆయన నార్మా వ్యాగన్ వెనక తలుపు తీసి, లోపలికి పాకి, తెరల చాటున ఆ వెనక్కి తిరిగిన సీటు మీద పడుకున్నాడు. ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది కానీ ఒళ్లు హాయిగా ఉంది.

వచ్చింది నార్మా, టెస్సా. ఇద్దరూ బండికి ఆనుకుని నిలబడ్డారు. టెస్సా ఆరేళ్లప్పుడు తాత కారెక్కుతానని అడిగిందట. చేతులు కడుక్కు రమ్మన్నాడు, కడుక్కుంది. బూట్లు విప్పమన్నాడు, విప్పింది. మేజోళ్లు కూడా విప్పి వచ్చేసరికి, మబ్బు పడుతోంది ఇంకోసారి చూద్దామన్నాడు.

"ఆ తర్వాత నేను అడగలేదు, ఆయన పిలవలేదు," అంది టెస్సా.

"మరి ఓటెందుకు వేశావే దానికి?"

"ఆయన ఉంటే ఎంత సంతోషించేవాడో."

"సంతోషించేవాడే," అంది నార్మా. "దానికి చచ్చిపోవాల్సి రావడమే కాస్త ఇబ్బంది."

తెరల వెనక ఉన్న లైల్ తర్వాత నాతో చెప్పాడు, ఆ క్షణాన నిజంగా పోతే బాగుండుననిపించిందని. ఇరవై ఒక్క ఏళ్లు ఊరికి చూపించిన కారు మనవరాలికి ఒక్క మైలు కూడా చూపించలేదు. అప్పుడైనా లేచేవాడే. అంతలో కోల్బీ పరుగెత్తుకొచ్చి, ఎర్ర కారు గొర్రెల షెడ్డు వెనక దొరికిందనీ, ఎవరు నడుపుతారనీ అడిగాడు. టెస్సా నడపనంది. తాత ఎక్కనివ్వని కారు తాత పోయాక ఎక్కనంది. అయితే ఎడ్లని తోలే ట్రక్కు మీదికి ఎక్కించి తీసుకెళ్దామనీ, కదలకుండా నాలుగు వైపులా తాళ్లేసి బిగిద్దామనీ కోల్బీ అన్నాడు. బానెట్ మీదనుంచి ఒకటి గట్టిగా లాగితే చాలట.

బూడిదరంగు తెర ఒక్కసారిగా పక్కకి పోయింది.

"తాడు వేశావంటే చెయ్యి విరగ్గొడతా," అన్నాడు శవం.

అక్కడ జరిగిన గందరగోళమంతా చెప్పడం నావల్ల కాదు. పాస్టరు గారు ముప్పై ఏళ్లుగా పునరుత్థానం గురించి బోధిస్తున్నారు, కానీ ముందు పరుగెత్తింది ఆయనే. గ్లెండా కుర్చీలో కూలబడింది. జనంలో ఒకాయన ఇంకా టోపీ తీసే ఉన్నాడు, మళ్లీ పెట్టుకోవాలో వద్దో తెలియక. టెస్సా మాత్రం తాతని టోపీతో నాలుగు దెబ్బలు వేసి, మెడ పట్టుకుని వదల్లేదు. కాసేపయ్యాక తలెత్తి కళ్లు తుడుచుకుంది.

"తాతా, పదిహేను దాటొద్దన్నది ఎవరు? దీపాలు వేసుకోమన్నది ఎవరు?"

లైల్ చుట్టూ చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. రేడియేటరు అందామని నోరు తెరిచాడు, అది రాలేదు.

"కుళ్లు," అన్నాడు. "నువ్వు రోజూ వీళ్లింట్లో నవ్వుతుంటే మా ఇంటిదాకా వినిపించేది. మీరు ఆలస్యంగా రావాలనుకున్నాను. ఇంత మర్యాదగా వస్తారనుకోలేదు."

నార్మా నవ్వడం మొదలుపెట్టింది. అది అంటుకుంది. ఓటింగు మళ్లీ పెట్టారు. లైల్ బతికాడు కనుక మొదట అందరూ అనుకున్న లెక్కే వచ్చింది, వ్యాగన్‌కి ముప్పై ఒకటి, ఎర్ర కారుకి నాలుగు. లైల్ ఆ నాలుగు ఎవరివో కనుక్కోవాలని చూశాడు, టెస్సా చెప్పనివ్వలేదు. ఎర్ర కారుని ఊరేగింపులో రెండో స్థానంలో పెట్టారు. లైల్ తాళం చెవి జేబులోంచి తీసి, ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని ఆ చెవిని రెండుసార్లు తుడిచి, టెస్సా చేతిలో పెట్టాడు.

"చేతులు కడుక్కోవాలా?" అంది టెస్సా.

"అక్కర్లేదు," అన్నాడు. అనడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

నాలుగింటికి ఊరేగింపు బయలుదేరింది. ముందు నార్మా నడుపుతున్న నల్ల వ్యాగన్, పిల్లలతో నిండిపోయి ఉంది. ఖాళీ లేదని లైల్‌ని చివరి సీట్లో, వెనక్కి తిరిగి కూర్చోబెట్టారు. ఆయన వెనకే ఎర్ర కారు, అందులో టెస్సా. బూట్లు విప్పలేదు, సీటు మీద తువ్వాలు లేదు, ఒక చేతిలో మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన, ఆవపచ్చడి కారుతున్న సాసేజీ పుల్ల. ఊరి వీధి పొడుగునా లైల్ ఆ ఆవపచ్చడి చుక్కని చూస్తూ కూర్చున్నాడు. ఒక మైలు తర్వాత చుక్కని వదిలేసి పిల్లనే చూడటం మొదలుపెట్టాడు. జనం ఆ పిల్లకి చేతులు ఊపుతున్నారు, ఈయనకి ఒక్కరూ ఊపలేదు. ఆయనకది పట్టలేదు. ముందుకి తిరిగి ఉన్న ఏ సీటులోనూ ఈ సంగతి కనపడదని మర్నాడు నాతో చెప్పాడు. పంది తొడ మాత్రం ఎవరికీ పెట్టలేదు, అది తన శవానికి వచ్చిందన్నాడు.

ఇందులో ఒక్కటే నేను కల్పించాను. లైల్ పోయాడని విని ట్రాక్టరు చక్రానికి ఆనుకుని ఏడ్చానన్నాను చూడండి, అది అబద్ధం. డార్లా ఆ ఎర్ర కారు అమ్మదలుచుకుంటే ముందు నన్ను అడుగుతుందా, ఇంకెవరినైనా అడుగుతుందా అని ఆలోచిస్తూ నిలబడ్డాను.